వసనాభికి నీడ, బర్రెకు ఎండ

మొన్న మలక్‌పేటలో మొక్కల బండివాడు ఏదో ఎండు దుంప చూపించి, ఒక్కసారి నాటితే చాలు, ఏటా దానంతట అదే లేచి పూస్తుందని ఊదరగొడుతుంటే నాకు మా చిన్నాయన గుర్తుకొచ్చాడు. మాది సైదాబాదులో పాల వ్యాపారం. గడ్డి తప్ప మరో పచ్చదనం ఎరగని వంశం. అందులో పుట్టిన ఈ మహానుభావుడు మంచుకొండల యాత్రకు వెళ్లి, దేవుణ్ణి చూశాడో లేదోగానీ, సంచినిండా వసనాభి దుంపలు మోసుకొచ్చాడు. ముసుగేసుకున్నట్టుండే నీలిపువ్వట! మన ఈడువాళ్లకు తెలుసు, వేలెడు ముక్క ఏనుగును పడగొట్టే విషమది. దాన్ని నాటిందెక్కడ? ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే బర్రె కొట్టం పక్కన.

చలికాలంలో జానెడు మొలిచింది, చిన్నాయన మీసం మూరెడు పెరిగింది. ఎండలు ముదరగానే మొక్క తల వాల్చింది. మంచులో పుట్టినదానికి మంచే మందని, పాల క్యాన్ల కోసం తెచ్చిన బరఫ్‌ గడ్డలను దాని మొదట్లో పరిచాడు. అదీ చాలక కొట్టం మీది తడికె పీకి దానికి పందిరి వేశాడు. మొక్కకు పెళ్లికొడుకు వైభోగం, బర్రెకు నడినెత్తిన సూర్యుడు. బిందె నింపే బర్రె చెంబుకు దిగింది.

"అరే, బర్రె ఎండల మాడుతుంటే ఇసానికి గొడుగు పడ్తవురా? దిమాగ్ ఉన్నదా నీకు?" అంది నాయనమ్మ.

"నీకేం ఎరుకనే అమ్మా! పువ్వు పూస్తే చూడనీకి బస్తీ మొత్తం లైన్ కడ్తది."

"ముందుగాల మనం కట్టాలె లైను, పక్కింటోళ్ల పాలకు!"

ఆ మధ్యాహ్నమే బర్రె పలుపు తెంపుకుంది. మేం పరుగెత్తేసరికి దాని మూతి వసనాభి మీదుంది. సైదాబాదు మొత్తం ఊపిరి బిగబట్టిందని నా నమ్మకం. బర్రె వాసన చూసింది, ఫుర్రుమని చీదింది, మూతి తిప్పుకుంది; ఆపైన బరఫ్‌తో చల్లబడ్డ మట్టిలో, పందిరి నీడన, సరిగ్గా మొక్క మీదే మహారాణిలా చతికిలబడింది. చిన్నాయన మొక్క కోసం ఏడ్చాడు. నాయనమ్మ మాత్రం, ఒక్క ఆకైనా కడుపులోకి పోయిందేమోనన్న భయంతో, పొద్దుగూకేదాకా ఆ బురదలోనే కూర్చొని దాని దవడ ఆడుతున్నదా లేదా అని నెమరుకు కాపలా కాసింది. ఆడుతూనే ఉందని మనసు కుదుటపడ్డాకే లేచి, తడికెను మళ్లీ కొట్టం మీదికెక్కించింది.

ఇప్పుడా కొట్టం చోట కార్లు నిలుస్తున్నాయి, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. పేరు పలకడానికి నోరు తిరగని మొక్కలు కుండీల్లో చస్తుంటే, పారేసి మళ్లీ అవే కొంటున్నారు మన విద్వాంసులు. వాళ్లను తిట్టుకోవడం నాకు సరదాయే. కానీ ఒక ప్రాణి దవడ ఆడుతున్నదా అని బురదలో కూర్చొని చూసే మనిషి మా గల్లీలో ఇప్పుడు లేదు; చూడడానికి ఆ ప్రాణీ లేదు.