పొదిలి దారిలో గ్యాస్ పొయ్యి, ఒక ఉప్మా

రైల్లోనూ బస్సులోనూ గ్యాస్ డబ్బా తీసుకెళ్లనివ్వరు. అందుకే మా పొదిలి ప్రయాణం కారులో మొదలైంది. పొద్దున ఆరున్నరకు గుంటూరులో బయలుదేరాం. నడిపేది నేను, పక్కన మా అత్తయ్య. పొదిలిలో తన చిన్ననాటి స్నేహితురాలిని చూడటం ఆవిడ పని. దారిలో పొలం గట్టున కూర్చుని తన చేత్తో ఉప్మా చేసుకుని తినడం ఆవిడ కోరిక.

"డెబ్బై ఏళ్లుగా నాలుగు గోడల మధ్యే వండానే. ఒక్కసారి ఆకాశం కింద వండాలి," అంది.

దానికోసమే చిన్న పొయ్యి కొన్నాను. అరచేతిలో పట్టే బర్నర్‌ను డబ్బా మూతి మీద తిప్పి బిగిస్తే చాలు. డబ్బాకు ఎండ తగలకుండా సీటు కింద పెట్టాను.

మార్టూరులో టీ తాగాం. రోడ్డు పక్క గ్రానైట్ పాలిష్ యూనిట్ దగ్గర అంచు ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. అత్తయ్య అక్కడి మేస్త్రీని అడిగి నాలుగు ముక్కలు డిక్కీలో వేయించింది.

"ఎందుకండీ?" అన్నాను.

"రాయి ఎప్పుడైనా పనికొస్తుంది," అంది.

అద్దంకి దాటి దర్శి వైపు వెళ్తుంటే పదిన్నరకు ఒక మిరప కల్లం కనిపించింది. నేలంతా ఎర్రగా పరిచి ఉంది. ఘాటుకు ఇద్దరం తుమ్మాం. కాయలు తిరగేస్తున్న కోటమ్మ అనే రైతు మమ్మల్ని చూసి దగ్గరకొచ్చింది. సంగతి చెప్పాం.

"వండుకోండి గానీ ఇక్కడ పెట్టబాకండమ్మా. అదుగో, ట్రాక్టర్ నిండా పత్తి ఉంది. ఆ దుక్కిలోకి పోండి," అంది.

దున్నిన ఖాళీ చేలో చదునైన చోటు చూసుకున్నాం. డబ్బాకు బర్నర్ బిగించి, గ్యాస్ కారుతోందేమోనని అతుకు దగ్గర సబ్బునీళ్లు రాశాను. బుడగలు రాలేదు. వెలిగించాను. కానీ గాలికి మంట పక్కకు వాలిపోతోంది. నేను కారులోంచి నీళ్లు తెచ్చేలోగా అత్తయ్య గ్రానైట్ ముక్కల్ని పొయ్యి చుట్టూ నిలబెట్టి, ఇంట్లోంచి తెచ్చిన పెద్ద మూకుడు పెట్టేసింది. మంట నిటారుగా లేచింది.

"చూశావా," అంది సంతోషంగా.

నాకూ బాగానే అనిపించింది. పోపు వేగుతుండగా ఎందుకో రాళ్ల సందులోంచి వేలు పెట్టి డబ్బాను తాకాను. గ్యాస్ బయటికి వస్తున్నకొద్దీ చల్లబడాల్సిన డబ్బా చుర్రుమంది. మూకుడు నుంచి దిగిన వేడి బయటికి పోయే దారిలేక లోపలే తిరుగుతోంది. డబ్బా ఇంకా కాగితే పేలుతుంది. పక్కనే అత్తయ్య.

గబుక్కున మర తిప్పి ఆపేశాను. "అత్తయ్యా, లేవండి. దూరంగా రండి," అని ఆవిడ చెయ్యి పట్టి లాగాను. కోటమ్మనూ కల్లం దగ్గరే ఆగమన్నాను. డబ్బా పూర్తిగా చల్లారేదాకా గట్టు మీద కూర్చున్నాం.

తర్వాత నేనే వెళ్లి రాళ్లన్నీ తీసేశాను. కోటమ్మ మోటారు షెడ్డులోంచి ఒక రేకు తెచ్చింది. గాలి వచ్చే వైపు మాత్రమే, పొయ్యికి బారెడు దూరంలో దాన్ని పాతాం. మిగతా మూడు వైపులా గాలి ఆడుతోంది. మూకుడు బదులు చిన్న గిన్నె పెట్టాం. మాటిమాటికీ డబ్బా తాకి చూశాను. ఈసారి చల్లగానే ఉంది.

"ఇక నువ్వే వండు," అంది అత్తయ్య మెల్లగా.

"లేదండీ. మీరే వండాలి," అని గరిట ఆవిడ చేతిలో పెట్టాను.

కోటమ్మ చెట్టు నుంచి పచ్చిమిరపకాయలు కోసుకొచ్చింది. చిన్న గిన్నె కాబట్టి ఉప్మా మూడు వాయిలు చేయాల్సి వచ్చింది. ముగ్గురం ఆకుల్లో పెట్టుకుని, కారానికి కళ్లలోంచి నీళ్లు కారుతుంటే నవ్వుకుంటూ తిన్నాం.

"మా చేలో ఉప్మా వాసన రావటం ఇదే మొదలు," అంది కోటమ్మ రెండోసారి పెట్టించుకుంటూ.

పొదిలి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. స్నేహితురాళ్లిద్దరూ సాయంత్రం దాకా చేతులు పట్టుకుని కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేట దాటాక మా ఆయన ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టి జరిగింది చెప్పాను.

"భయపడ్డావా అమ్మా?" అని అడిగారు.

"చాలా భయపడ్డానురా," అంది అత్తయ్య.

పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "కానీ దాని తర్వాత తిన్న ఉప్మా లాంటిది నా జన్మలో తినలేదు," అంది.