అంచు దొరకని గోడ

అశోక్‌నగర్‌లో నేను పనిచేసే ఇంటి పైగదిలో రచన అక్క అద్దెకుంటుంది. ఏళ్లుగా గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. గోడకు టేపుతో అంటించిన పాత మ్యాపులు మొన్న తీస్తే, రంగు కూడా పెచ్చులుగా ఊడొచ్చింది.

"ఉద్యోగం వచ్చేలోపు నా ఇల్లు కూలేట్టుంది! ఆదివారానికి గోడ బాగుచేయించు, లేదా ఖాళీ చెయ్యి," అన్నారు ఇంటావిడ హైమవతిగారు.

గది పోతే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతానని అక్క నాన్న ముందే చెప్పాడు. చదువు ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆదివారం అక్క నారాయణగూడ నుంచి గోడ గుంతలు పూడ్చే లప్పం తెచ్చింది. ఊడే రంగంతా గీకేసి, గట్టి గోడ తగిలాక లప్పం పెట్టాలనుకుంది. కానీ అది చెమ్మ పట్టిన పాత సున్నం గోడ. గీకేకొద్దీ పొడిగా రాలుతూనే ఉంది. సాయంత్రానికి కిటికీ దాకా బోడిగా మిగిలింది.

"ఇంక గీకకు అక్కా," అన్నాను.

"ఏడనో ఒక కాడ గట్టిగుంటది గదనే!" అంది, ఏడుస్తూ గీకుతూనే.

మెట్ల మీద హైమవతిగారి చెప్పుల చప్పుడు వినిపించింది. కిటికీ పక్కన ఇంకో పెచ్చు లేస్తుంటే అరచేత్తో అదిమిపట్టాను. ఆవిడ లోపలికొచ్చినా చెయ్యి తీయలేదు.