గోడంత వియ్యంకుడు

ఒక్క ఆవలింతతో కొత్త చుట్టరికాన్ని తెంపబోయిన ఘనత నాది. ఆవలించింది నేను కాదు. నేను దాన్ని గోడంత చేశాను, అంతే. ఆ సాయంత్రం నా కెమెరాతోపాటు నా ఎముకలు కూడా విరగాల్సింది. ఎలా బయటపడ్డానో వినండి.

పురానాపూల్ దగ్గర యూసుఫ్ భాయ్, నేను కలిసి పెళ్లి వీడియోలు తీస్తాం. అప్పట్లో నేనో భారీ తెర హాల్లో సినిమా చూసి వచ్చాను. హీరో కన్ను మా ఇంటి వాకిలంత ఉంది. ఇక మామూలు తెర నా కంటికి తపాలా బిళ్లలా కనిపించసాగింది.

"భాయ్, ఇగ సినిమాలన్నీ గట్లనే తీస్తరు. చిన్న తెర పని ఖతం," అన్నాను.

ఎడిటింగ్ చేస్తున్న యూసుఫ్ భాయ్ తల కూడా తిప్పలేదు. "పబ్లిక్ ఫోన్ల చూస్తున్నరు, అది కూడ బస్సుల నిలవడి. గా పెద్ద తెరకు తీసే కెమెరాలు మస్తు బరువు, మస్తు లొల్లి. ఎవరో ఒక పెద్ద డైరెక్టర్ తీస్తడు. అందరితోని యాడైతది?"

"అయితది. నేను చేసి చూపిస్త."

ఇక్కడితో ఊరుకుని ఉంటే నాకు ఎంత బాగుండేది.

సరిగ్గా అప్పుడే జల్‌పల్లి మల్లేశన్న కూతురి పెళ్లి వచ్చింది. పెద్ద తెరంటే ముఖాలేనని నాకు నేనే తీర్మానించుకుని, చుట్టాలందరి ముఖాలకూ జానెడు దూరంలో కెమెరా పెట్టాను. ఆ పెళ్లిలో చిన్న గొడవ జరిగింది. పెళ్లికొడుకు తండ్రి రాజయ్యను భోజనానికి పిలిచేవాళ్లే లేకపోయారట. ఆయన ఆకలితోనే లేచి, ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

మల్లేశన్న నా దగ్గరికి వచ్చాడు. "బిడ్డ ఆ ఇంట్ల బతకాలె తమ్మీ. వీడియో చూద్దురని వాళ్లను పిలుస్తున్న. మనసులు కలుస్తయేమో. జర మంచిగ చూపియ్యి."

మంచిగా అంటే నాకు తెలిసిన అర్థం ఒకటే. పెద్దగా.

మల్లేశన్న ఇంటి పక్కనే రెండంతస్తుల కొత్త ఇల్లు ఉంది. గోడంతా తెల్ల రంగు. మధ్యలో ఒక కిటికీ ఉన్నా దాని రెక్కలూ తెల్లవే, పైగా మూసి ఉన్నాయి. ఇంట్లో ఇంకా ఎవరూ దిగలేదని మల్లేశన్న చెప్పాడు. ఇంకేం, వియ్యాలవారు వచ్చిన రోజు పొద్దు గూకగానే అందరినీ ఆ గోడ ముందు కూర్చోబెట్టి ప్రొజెక్టర్ వేశాను.

ముందు పెళ్లికూతురు కనిపించింది. బుగ్గ మీద చుక్క ఆటో చక్రమంత. తర్వాత ఆమె మేనత్త నవ్వింది. పళ్ల మధ్య ఇరుక్కున్న కొత్తిమీర అరటాకంత. మేనత్త కుర్చీలోంచి నా వైపు చూసిన చూపును మాత్రం ఏ తెరా మోయలేదు.

ఆ తర్వాత గోడ మీదికి రాజయ్య వచ్చాడు. సరిగ్గా ముహూర్తం వేళ ఆవలిస్తున్నాడు. నోరు తెరుచుకుంటూ, తెరుచుకుంటూ వెళ్లి కిటికీని మొత్తం మింగేసింది. కుర్చీలో ఉన్న రాజయ్య బిగుసుకుపోయాడు. మల్లేశన్న వేళ్లు నా భుజంలో దిగాయి.

"బంద్ చెయ్యి తమ్మీ," అని గొణిగాడు.

బటన్ కోసం నేను చీకట్లో వెతుకుతుండగా కిటికీ తెరుచుకుంది. రాజయ్య గొంతులోంచి బనీను వేసుకున్న ఒక మనిషి బయటికి వంగాడు.

"ఎవలు గా లొల్లి చేసేది? పొద్దుగాలనే కిరాయికి దిగిన. నైట్ డ్యూటీకి పోవాలె. జర పండనియ్యుర్రి."

రాజయ్య భుజాలు వణుకుతున్నాయి. కోపం అనుకుని నేను పారిపోవడానికి చెప్పులు వెతుక్కుంటున్నాను. ఆయన తలెత్తి, కిటికీలో మనిషిని అడిగాడు.

"అన్నా, నా నోట్ల గాలి మంచిగ ఆడుతున్నదా?"

అంతే, పెళ్లివాళ్లంతా కుర్చీల్లోంచి జారిపడేలా నవ్వారు. మేనత్త కూడా. రాజయ్య కళ్లు తుడుచుకుని మల్లేశన్న వైపు తిరిగాడు. "బావా, బువ్వ పెట్టుర్రి. గా లోపటున్నాయనను గూడ పిలువుర్రి."

మల్లేశన్న వేళ్లు నా భుజాన్ని వదిలాయి. అంత తేలికైన ఊపిరి మళ్లీ ఇంతవరకూ పీల్చలేదు నేను.

భారీ తెర రేపు ప్రతి సినిమాకూ వస్తుందో, కొందరికే పరిమితమవుతుందో నాకు తెలియదు. ఆ సంగతి దాన్ని తీసేవాళ్లు చూసుకుంటారు. నేను మాత్రం మూసీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తలుపు తట్టి, లోపల ఎవరైనా నిద్రపోతున్నారేమో కనుక్కోకుండా, ఇక జన్మలో ఏ పెద్దమనిషి నోరూ తెరిపించను.