కుర్చీలో డ్రైవింగు

మా పెద్దబావకు ములుగు రోడ్డు మీద జీపు నడిపే కొలువు ఖాయమైంది. లైసెన్సు ఒక్కటే తక్కువ. నేర్చుకోవడానికని ఆయన ఇంట్లో కుర్చీ ముందు పాత కారు స్టీరింగు బిగించాడు. తర్వాత గేరు రాడ్డు, రబ్బరు హారను వచ్చాయి. అక్క కుట్టుమిషను పెడలు ఊడదీసి బ్రేకు చేశాడు.

"జర జరుగుండ్రి, బండి పోతాంది," అంటూ రోజూ కూర్చున్నచోటు నుంచే ఏటూరునాగారం దాకా పోయి వచ్చేవాడు.

"ఒక్కసారన్న అసలు జీపు ఎక్కి నేర్చుకోరాదయ్యా," అని అక్క మొత్తుకునేది.

పరీక్షనాడు నేను వెనక సీట్లో ఉన్నాను. జీపు కదిలిందో లేదో, బావ స్టీరింగు వదిలేసి, "సారూ, ఇది నిజంగనే పోతాంది!" అని అరిచాడు. ఇన్‌స్పెక్టరు కాలు చాపి బ్రేకు తొక్కాడు. కొలువు ఇంకొకరికి పోయింది.

ఏమైందని అక్క అడిగితే, "ఆ జీపే మంచిగ లేదే, ఊకె కదుల్తాంది," అన్నాడు. ఆ ఆదివారమే కుర్చీకి పక్క అద్దం కూడా బిగించుకున్నాడు.