అద్దానికి మొహమాటం

ఓర్ట్‌విన్ చేతులు గాజు గొట్టాన్ని మంట మీద తిప్పుతూనే ఉన్నాయి. చూపు మాత్రం ఎదురుగా కూర్చున్న హెడ్విగ్ కుడికంటి మీద ఉంది. లౌషా ఊళ్లో గాజుకన్ను చేసేవాళ్లు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే ఊదుతారు. రేపు హెడ్విగ్ స్టేషన్‌లో టికెట్లమ్మే ఉద్యోగంలో చేరాలి. ఎడమకన్ను గాజుదని అక్కడెవరికీ తెలియకూడదు.

"మచ్చ లేకుండా, తెల్లగా చేయండి మేస్త్రీ గారూ" అంది.

"నీ కుడికన్ను నలభై ఏళ్లు లోకాన్ని చూసి పసుపెక్కిందమ్మా. దాని పక్కన ఇది పెళ్లికి ముస్తాబైనట్టుంటే ఇట్టే దొరికిపోతావు."

వెంట్రుకకన్నా సన్నని ఎర్రగాజు పోగుతో ఒక్కో నరమూ కుడికంట్లో చూసి దించాడు. డెబ్బై ఏళ్ల వేళ్లు ఒక్కసారైనా వణకలేదు. చల్లారాక ఆమె కన్ను పెట్టుకుని అద్దం అడిగింది.

"అద్దానికి మొహమాటమెక్కువ. రోజ్‌వితను రానీ."

ఆయన చేసిన ప్రతి కన్నూ, రెండింటిలో గాజుదేదో పట్టేసే ఆ రొట్టెలావిడ పరీక్ష దాటాల్సిందే. రొట్టెల బుట్ట దించుతూనే ఆవిడ ముందుకు వంగి చూసి, హెడ్విగ్ కుడికన్ను వేలితో చూపించింది.

"ఇదే! మీ పనితనం నాకు తెలీదా? ఎంత ముచ్చటగా ఉందో!"

"అది మా అమ్మ చేసిందండీ!" అని హెడ్విగ్ పగలబడి నవ్వింది.

ఓర్ట్‌విన్ మంట ఆర్పి, హెడ్విగ్‌కు అద్దం అందించాడు.