పదిహేడు బావులు, ఒక జాబు

మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు పద్నాలుగు ఉండేవి. తెలుగు చదవడం వచ్చినవాళ్ళం మాత్రం ఇద్దరమే. ఒకరు మూల ఇంటి తాత, రెండోవాణ్ణి నేను. తమిళనాట ధర్మపురిలో పుట్టి పెరిగినవాళ్ళకు బడిలో అరవమే. నేను పదో తరగతి దాకా కుప్పం దగ్గర మా మేనమామ ఇంట్లో ఉండి చదివాను గనుక నాకు అక్షరాలు వచ్చాయి. ఆంధ్ర వైపు నుంచి పెళ్ళి పత్రికో జాబో వస్తే వీధివాళ్ళు నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. కుర్చీ వాకిట్లోకి జరుపుకుని, గొంతు సవరించుకుని చదివి వినిపించేవాణ్ణి. అందులో నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతుంది.

నా భార్య మా జిల్లాలోనే మహేంద్రమంగళం పిల్ల. అరవంలో ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. పెళ్ళైన కొత్తలో తెలుగు అక్షరాలు నేర్పమని అడిగింది. పలక తెచ్చాను. అ, ఆ, ఇ, ఈ నాలుగూ దిద్దించాను. ఆ తర్వాత పలక అటకెక్కింది. ఆమె మరిచిపోలేదు, నాకే తీరిక దొరకలేదు. తీరిక ఒక్కటే కాదేమో. ఇంట్లో ఇంకొకరికి చదవడం వస్తే నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వెయ్యాల్సి వస్తుందని లోపల ఎక్కడో ఉండి ఉంటుంది.

నేను బస్టాండు దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేవాణ్ణి. ఎనభైల చివర్లో మా ఓనరు బెంగుళూరు నుంచి ఒక చిన్న కంప్యూటరు తెప్పించాడు. దాన్ని బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాలి. పక్కన టేప్ రికార్డరు పెట్టి క్యాసెట్ తిప్పితే కీచురాళ్ళు అరిచినట్టు ఐదు నిమిషాలు అరిచి, అప్పుడు తెర మీద ఏదో ఒకటి వచ్చేది. "ముందు నువ్వు నేర్చుకో, తర్వాత పిల్లలకి నేర్పొచ్చు" అని గది తాళం నాకిచ్చాడు. కంప్యూటరుతో పాటు వచ్చిన క్యాసెట్లలో ఒకటి ఆట.

అందులో ఒక రాజ్యం ఉండేది. రాజు కిరీటం పోయింది, మనం వెతికి తేవాలి. కొండలు, ఊళ్ళు, అడవులు. ఎటు పోవాలంటే అటు పోవచ్చు, అడ్డం చెప్పేవాడు లేడు. మూడు వారాల్లో కిరీటం దొరికింది. రాజు సంతోషించాడు. అక్కడితో ఆట అయిపోయినట్టే. కానీ తెర మూలన ఒక అంకె ఉండేది, అరవై ఒకటి. నూటికి అరవై ఒక్క పాళ్ళే నేను చూశానని దాని అర్థం.

ఆ అంకె నన్ను పట్టుకుంది. మిగిలిన ముప్ఫై తొమ్మిది పాళ్ళలో కథ ఏమీ లేదు. ఒక ముసలమ్మ మేక తప్పిపోయింది, తెచ్చివ్వాలి. ఒక కుమ్మరికి పక్క ఊరి నుంచి మట్టి తేవాలి. తెచ్చిస్తే ఇంకొకడు ఇంకొకటి అడుగుతాడు. ఊళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, ఆ ముసలమ్మ బొమ్మే నాలుగు ఊళ్ళలో కనిపిస్తుంది. రాజ్యం పెద్దదిగా కనిపించాలని ఎవరో ఖాళీ జాగాల్లో ఇవన్నీ నింపి పెట్టారని నాకు అప్పుడే తెలుసు. అయినా ఒక్కొక్క పనీ చేసి ఆ అంకె ఒకటి పెరిగినప్పుడు ఏదో సాధించినట్టుండేది. టైపు నేర్చుకునే పిల్లలు ఏడింటికి వెళ్ళిపోతే నేను తాళం లోపల వేసుకుని కూర్చునేవాణ్ణి. మధ్యలో కరెంటు పోతే ఆ రోజు చేసిందంతా పోయేది. మళ్ళీ మొదలు పెట్టేవాణ్ణి.

గ్రాఫు కాగితాలు అతికించి ఆ రాజ్యానికి పటం గీశాను. అతికించడానికి మైదా గంజి కాచి ఇచ్చింది నా భార్యే. నేను పూస్తుంటే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని కాగితం మూలలు పట్టుకునేది.

"ఆ పెట్టిలో ముసలమ్మకి మేక దొరికెనా?"

"దొరికె. ఇప్పుడు బావులు ఉండాయి. పదిహేడు. ఒక్కో బావిలో ఒక్కో రాయి ఉంటాది, ఏరుకోవాల."

"మన బావిలో బక్కెట పడి పదైదు దినాలైంది. అది పద్దెనిమిదో బావి అనుకొని ఏరిపెట్టండి సామీ."

ఇద్దరమూ నవ్వుకున్నాం. బక్కెట చివరికి ఆమే గాలం వేసి తీసుకుంది.

ఒక బుధవారం మధ్యాహ్నం జాబు వచ్చింది. అప్పటికి మూలన అంకె తొంభై నాలుగు.

మా అత్తగారు ఆ ఏడాది కుప్పం పక్క పల్లెలో ఉన్న పెద్ద కూతురి దగ్గర ఉండేది. ఆమెకు రాయడం రాదు. పెద్ద కూతురికీ రాదు. జాబు ఏదైనా ఆ ఇంటి మనవరాలు రాయాలి, ఆ పాప చదివేది తెలుగు బడి. అందుకని మహేంద్రమంగళంలో పుట్టిన తల్లి ధర్మపురిలో ఉన్న కూతురికి చెప్పే మాటలు, కూతురు చదవలేని అక్షరాల్లో వచ్చేవి. మధ్యలో నేను ఉండాలి.

సాయంత్రం నేను షర్టు మార్చుకుంటుంటే జాబు చేతిలో పెట్టింది.

"చదివి చెప్పండి."

"వచ్చి చదువుతా. ఇప్పుడు వేల ఉండాది, ఆ పని చూసుకోవాల."

"ఇందులో 'అ' రొంబ ఉండాయి. నాకు తెలిసింది ఆ నాలుగు అక్షరాలే గదా, ఏరి చూసినాను. అమ్మ సంగతేమో."

"అంతా బాగుండాము, మీరు బాగుండారా అని ఉంటాది. వచ్చి చదువుతా."

జాబు జేబులో పెట్టుకుని పోయాను. ఆ సాయంత్రం మూడు బావులు దొరికాయి. వచ్చేసరికి ఆలస్యమైంది, కళ్ళు మంటలు. రేపన్నాను. గురువారమూ అదే మాట. శుక్రవారం ఆమె అడగలేదు, నా ముఖం మాత్రం చూసింది. జాబు అప్పటికి నా జేబులో లేదు, ఇన్‌స్టిట్యూట్‌లో పటం మడతలో ఉంది.

శనివారం పొద్దున కాఫీ ఇస్తూ మెల్లగా అంది. "మీకు వేల ఎక్కువగా ఉంటే ఆ జాబు నాకియ్యండి. మూల ఇంటి తాత దగ్గర చదివించుకొంటా."

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది, ఇప్పుడు దాచడమెందుకు.

"మొగుడు ఉండంగా ఇంటి జాబు వీధిలో చదివించుకుంటావా? నాకు చదువు రాదనుకుంటారా, నీకు నేను చదివి పెట్టననుకుంటారా? రేపు ఆదివారం. రేపు చదువుతా."

"సరి" అంది.

ఆదివారం పొద్దునే పోయాను. పదహారు బావులు అయిపోయాయి. పదిహేడోది ఎంత తిరిగినా లేదు. పటం పరిచి గడి గడీ చూసుకుంటూ పోయాను. సాయంత్రం నాలుగింటికి, ముందెప్పుడో చూసి వదిలేసిన ఒక అడవి వెనకాల దొరికింది. రాయి తీశాను. మూలన అంకె నూరైంది. తెర నల్లబడి ఇంగ్లీషులో ఒక్క వరుస వచ్చింది, మీరు చూడనిది ఇక్కడ ఇంకేమీ మిగల్లేదని. అంతే. కాసేపు చూసి స్విచ్చి ఆపేశాను.

పటం మడుస్తుంటే జాబు కింద పడింది.

ఇంటికి మంచి ఉత్సాహంతోనే వెళ్ళాను. అబద్ధం ఎందుకు, ఈల వేసుకుంటూ వెళ్ళాను. ఇంకా వెలుగుంది. కుర్చీ వాకిట్లోకి జరుపుకుని, "రా, మీ అమ్మ ఏం చెప్తుందో విందాం" అన్నాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

"అమ్మీ, నేను చెప్తా ఉంటే పాప రాస్తా ఉండాది. పదైదు దినాలుగా జ్వరం వదల్లేదు. ఆస్పత్రిలో సూది వేసినారు. భయం లేదంటా ఉండారు. అయినా నాకేమో నిన్ను ఒకసారి చూడాలని ఉండాది. నోటికి ఏదీ హితంగా లేదు. నువ్వు నూరిన చింతకాయ తొక్కు కొంచెం తెచ్చి పెడితే రెండు ముద్దలు సంకటి తింటానేమో. వచ్చి పో."

ఆ తర్వాత ఇంకో వరుస ఉంది. కంటితో చూశాను. నోటితో చదవలేదు. కాగితం మడిచి ఆమెకిచ్చేశాను.

"అంతేనా?"

"అంతే."

ఆమె లేచింది. లోపలికి పోయి జాడీలోంచి తొక్కు తీసి ఒక సీసాలో నింపడం మొదలుపెట్టింది. ఆ వేళకు కుప్పం వైపు బస్సు లేదు. మర్నాడు మొదటి బస్సుకు కృష్ణగిరి, అక్కడ మారి కుప్పం. దారంతా ఆ సీసా ఒడిలోనే పెట్టుకుంది. సంచీలో పెట్టమంటే, నూనె కారుతుందంది.

మేము పోయేసరికి పదైంది. వాకిట్లో జనం ఉన్నారు. బల్ల మీద ఎవరూ కూర్చోలేదు, అందరూ నిలబడి ఉన్నారు. అది చూసే తెలిసింది. తెల్లవారుజామున పోయిందట. మాకు టెలిగ్రాం ఇవ్వడానికి మనిషి బయలుదేరి గంట కూడా కాలేదు.

నా భార్య అక్క వచ్చి ఆమె మీద పడి ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది. "జాబు యాడ పోయిందే? పోయిన వారమే వేస్తిమి గదే. నాలుగు దినాలుగా బస్సు శబ్దం వినబడితే చాలు, వాకిలి తెరవండి చిన్నది వచ్చిందని అమ్మ అంటానే ఉండె."

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవాల్సింది నేను.

నా భార్య అంది. "పోస్టు తప్పిపోయిందక్కా. నిన్ననే మా చేతికి వచ్చె."

నిన్న ఆదివారం. ఆదివారం జాబులు పంచరని అక్కడ ఎవరికీ తట్టలేదు. తట్టినా ఎవరూ అనలేదు. "ఆయన చదివి చెప్పినాడు, అప్పుడే బయలుదేరినాం" అని కూడా అంది. ఆ ఇంట్లోవాళ్ళు నాకు నీళ్ళిచ్చి, అల్లుడు పాపం పొద్దుననగా బయలుదేరి వచ్చినాడని కుర్చీ వేశారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

మూడో రోజు కాకికి పెట్టేటప్పుడు నా భార్య ఆకులో సంకటి ముద్ద పక్కన ఆ తొక్కు పెట్టింది. ఆ సాయంత్రం నేను ధర్మపురికి వచ్చేశాను. ఆమె పదకొండో రోజు దాకా ఉండి వచ్చింది. వచ్చినప్పుడు సంచీలో మనవరాలి పాత వాచకం ఒకటి ఉంది, అట్ట చిరిగింది. అటక మీది పలక తనే దింపుకుంది. నన్ను అడగలేదు. నేను నేర్పుతానని ఒకసారి అన్నాను. "పరవాలేదు, పాప చూపించింది" అంది. పొయ్యి మీద పప్పు ఉడికే లోపల ఒక్కో గుణింతం దిద్దుకునేది.

కంప్యూటరు గదికి పోవడం మానేశాను. పటం నీళ్ళ పొయ్యిలో వేశాను. మైదా పూసిన కాగితం కదా, తొందరగా కాలలేదు.

మూడు నెలలకు ఒక మధ్యాహ్నం, నేను ముందు గదిలో ఉండగా వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. ఒక్కో అక్షరమూ పట్టుకుని, విడదీసి, మళ్ళీ కలిపి చదువుతోంది. అమ్... మీ. నే... ను. చెప్... తా. లేచి బయటికి పోదామనుకున్నాను. కూర్చునే విన్నాను. జ్వరం, సూది, చింతకాయ తొక్కు, వచ్చి పో. అక్కడ కాసేపు ఆగింది. ఆ తర్వాత, నేను వదిలేసిన వరుస. రాజ్యంలో ఒక్క రాయి వదలనివాణ్ణి, ఆ ఒక్క వరుస వదిలేశాను.

"అల్లుడికి పనులు ఎక్కువ. ఆయన్ని తొందర పెట్టొద్దు. ఆయనకు ఎప్పుడు వీలైతే అప్పుడే రా."

రెండుసార్లు చదివింది. రెండోసారి ఎక్కడా ఆగలేదు.

కాగితం మడిచిన చప్పుడైంది. ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను తల ఎత్తలేదు. అడుగుతుందనుకున్నాను, ఆ మాట ఎందుకు దాచినారని. అడిగితే బుధవారం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాలనుకున్నాను.

"అన్నం పెట్టేదా?" అంది.

"పెట్టు" అన్నాను.