మీట విరిగిన పాట

మా మామగారిని వీధిలో అందరూ కాలర్ మాస్టారంటారు. పెళ్లయిన కొత్తలో ఆ పేరు విని నా గుండెల్లో రాయి పడింది. గొప్పలు చెప్పుకునే మనిషి కాబోలు, పొద్దస్తమానం ఈయన ప్రతాపాలు వినాలి కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే సంగతి చాలా సాదా. ఆయన చొక్కాలు కుట్టే కార్ఖానాలో కాలర్లు కుట్టేవారు. అక్కడ చొక్కా మొత్తం ఒక్కరే కుట్టరు. చేతులు కుట్టేవాళ్లు వేరు, జేబులు కుట్టేవాళ్లు వేరు, కాజాలు తీసేవాళ్లు వేరు. అన్నిటికంటే పేచీ కాలరుతోనే. రెండు మొనలూ ఒక్కలాగే రావాలి, లేకపోతే వేసుకున్నవాడు మెడ పట్టేసిన మనిషిలా కనిపిస్తాడు. చాలామంది ఆ పనికి ఓ దండం పెట్టేసి పక్క బల్లకు మారిపోయారట. మామగారు మాత్రం ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా ఆ బల్ల వదల్లేదు.

ఇది సగం సంగతి. మిగతా సగం ఆయన సొంత కాలరు. అది ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉండేది. వెలిసిపోయిన చొక్కా అయినా సరే, ముందు కాలరు ఎత్తి, ఆ తర్వాతే గుండీలు పెట్టుకునేవారు. నుదుటి మీద జుట్టు పైకి దువ్వి, గుండ్రంగా మడిచి నిలబెట్టేవారు. జుట్టు పలచబడ్డాక కూడా ఉన్న నాలుగు వెంట్రుకలకూ అదే డ్యూటీ. స్నానాల గదిలో అద్దం ముందు ఆయన ఆ నాలుగింటితో కుస్తీ పడుతుంటే, బయట నేను బకెట్టు పట్టుకుని పళ్లు నూరుకున్న పొద్దులు లెక్కలేనన్ని.

ఇదంతా ఒక పాటగాడి వల్ల వచ్చింది.

పెళ్లికాక ముందు మామగారు పాత సామాన్ల కొట్టులో ఒక రికార్డు ప్లేయరు కొన్నారు. కొట్టువాడు దాంతోపాటు ఒక చిన్న రికార్డు కూడా చేతిలో పెట్టాడు. అట్ట మీద ఎక్కడి దేశం వాడో ఒక కుర్రాడు. కాలరు పైకెత్తి, జుట్టు పైకి దువ్వి, ఒక మోకాలు లోపలికి వంచి, మైకును పీక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. రాక్ అండ్ రోల్‌కు అతనే రాజట. అతను కాలు ఊపితే దేశదేశాల కుర్రకారు కాలు ఊపేవారట. ఆ పేరు మామగారి నోట సరిగ్గా తిరిగేది కాదు. అందుకని "మావాడు" అనేవారు. ఇంట్లో మేమూ అదే అలవాటు చేసుకున్నాం.

ఆ ప్లేయరులో ఒక లోపం ఉంది. రికార్డుల్లో కొన్ని నిదానంగా తిరగాలి, కొన్ని వేగంగా తిరగాలి. అందుకోసం పక్కన చిన్న మీట ఉంటుంది. మామగారు కొన్న ప్లేయరులో ఆ మీట నిదానం దగ్గర విరిగి ఇరుక్కుపోయింది. మావాడి రికార్డేమో వేగంగా తిరగాల్సినది. కొట్టువాడు చెప్పలేదు, మామగారు అడగలేదు. ఇంటికి తెచ్చి పెడితే మావాడు బొంగురు గొంతుతో, ఎక్కడా తొందరనేది లేకుండా, భోంచేసి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా పాడాడు. రాక్ అండ్ రోల్ అంటే ఇలా ఉంటుందన్నమాట అనుకున్నారు మామగారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పాటంతా నోటికి పట్టేశారు.

అప్పట్లో కార్ఖానాలో అన్నీ కాలితో తొక్కే మిషన్లే. కాలరు మొన దగ్గర పాదం తొందరపడితే సూది గీత దాటేస్తుంది, జంకితే దారం చిక్కుపడుతుంది. అలాంటి చోట మామగారి పాదానికి ఈ పాట దొరికింది. మడమ, వేళ్లు, మడమ, వేళ్లు. పైన పెదవుల మధ్య కూనిరాగం, కింద తొక్కుడు పలక. ఆ తర్వాత ఆయన కుట్టిన కాలరు ఒక్కటి కూడా బాగాలేదని వెనక్కి రాలేదట. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. చెప్పింది అత్తగారు, ఆ మనిషి గురించి ఆవిడ తగ్గించి చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

అత్తగారు ఆయన పక్క మిషను మీద చొక్కా చేతులకు కఫ్‌లు కుట్టేవారు. పక్కవాడి కూనిరాగం వింటే మొదట్లో ఆవిడకు ఒళ్లు మండేదట. కొన్నాళ్లకు తన పాదం కూడా అదే వరసలో ఆడుతోందని కనిపెట్టి ఇంకా మండిందట. ఒకరోజు మామగారికి దారం తెగింది. మిషను ఆగింది, దాంతో రాగమూ ఆగింది. తన పాదం ఎక్కడ తడబడుతుందోనని ఈవిడ ఆ రాగాన్ని అక్కడే అందుకుని కానిచ్చేశారు. మామగారు సూదిలోకి దారం ఎక్కించడం మానేసి తల తిప్పి చూశారు. మా ఆయన ఈ భూమ్మీద పడడానికి కారణం ఆ తెగిన దారమే. అత్తగారు ఇప్పటికీ భర్తను "మాస్టారూ" అనే పిలుస్తారు. "ఏమండీ" అంటే వేరే ఎవరినో పిలిచినట్టుంటుందట.

మా ఆయన ఆ పాటకే నిద్రపోయేవాడు. తర్వాత నా కూతురూ అంతే. కుర్రకారు గంతులేయడానికి పుట్టిన పాటకు మా ఇంట్లో పిల్లలు బొటనవేలు నోట్లో పెట్టుకుని కళ్లు మూశారు. ఎప్పుడైనా రేడియోలో అదే పాట దాని అసలు వేగంతో వచ్చిందంటే మామగారు ఒంటికాలి మీద లేచేవారు.

"మావాడి పాట ఎవడో ఎత్తుకొచ్చి పరుగులు పెట్టిస్తున్నాడు. రైలు తప్పిపోతోందా వీడికి? కట్టేయండి ముందు!"

కట్టేసేవాళ్లం. ఆ మనిషితో వాదన పెట్టుకునే ఓపిక ఎవరికుంది?

ఒక వానాకాలం ఇంటి కప్పు కారి పాత ప్లేయరు మూగబోయింది. రికార్డును మాత్రం అత్తగారు అల్మారాలో దుప్పట్ల మధ్య దాచారు. మామగారు ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున మా ఆయన ముచ్చటపడి కొత్త ప్లేయరు తెచ్చాడు. కార్ఖానా వాళ్లు నలుగురైదుగురు ఇంటికొచ్చి టీ తాగుతున్నారు. మా ఆయన దుప్పట్లలోంచి రికార్డు తీసి, తుడిచి, పెట్టాడు. మీటను ఎక్కడుండాలో అక్కడికే జరిపాడు.

పాట గదిలోకి దూకింది. గొంతు పలచగా, లేతగా ఉంది, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు. వచ్చినవాళ్లు హుషారుగా చప్పట్లు కొట్టారు.

"వీడెవడు?" అన్నారు మామగారు.

"మీవాడే నాన్నా. అట్ట చూడు."

"మావాడు ఇలా పాడడు."

మా ఆయనకు తండ్రంటే ప్రాణం. ఆ ప్రేమతోనే మీట సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. నిదానం వైపు జరిపి వినిపించాడు, మళ్లీ వేగం వైపు జరిపి వినిపించాడు. ఆ మనిషికి బుర్ర ఉందిగానీ, ఎక్కడ ఆపాలో తెలియదు. కార్ఖానాలో కాజాలు తీసే ఆయన ఉండబట్టలేక, "అయితే మాస్టారూ, ఇన్నేళ్లూ మా అందరిచేతా తప్పు పాటకు తొక్కించారా!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. మామగారూ నవ్వారు. నవ్వుతూనే చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి కాలరు మడిచేసుకున్నారు. నా పక్కనున్న అత్తగారు కూడా అది చూశారు.

ఆ రోజు నుంచి ఇంట్లో కూనిరాగం వినపడలేదు. నా కూతురు పాడమని మెడ పట్టుకుని వేలాడితే, "నాకొచ్చింది తప్పు పాటమ్మా. మీ నాన్నను పెట్టమను, సరైంది పెడతాడు" అనేవారు. జుట్టు మామూలుగా పక్కకు దువ్వుకున్నారు. పొద్దున స్నానాల గది ఇట్టే ఖాళీ అయ్యేది. కావాల్సిందేగా నాకు? కానీ ఏమిటో, ఆ ఖాళీ గదిలోకి వెళ్లాలంటే మనసొప్పేది కాదు. మా ఆయన బతిమాలాడు, క్షమించమన్నాడు. "నువ్వేం చేశావురా, ఉన్నమాట చెప్పావు" అన్నారు మామగారు. అత్తగారు మాత్రం "అలకలే, పోతుంది" అన్నారు. పోలేదు.

ఏడాది తిరక్కుండా అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మాట ముద్దగానైనా తిరిగొచ్చింది. చెయ్యి కొంత కదిలింది. కుడికాలు మాత్రం మొండికేసింది. వ్యాయామం చేయించడానికి ఒకమ్మాయి ఇంటికొచ్చేది. పనిలో దిట్ట, ఓపిక కూడా ఎక్కువే. కాలులో బలం ఉందని, కదలాలన్న కబురే దానికి అందడం లేదని ఆ అమ్మాయి చెప్పింది. ఇద్దరం చెరోపక్క పట్టుకుని నిలబెడితే ఎడమకాలు అడుగేసేది, కుడికాలు నేలకు మేకు కొట్టినట్టు ఉండిపోయేది.

"ఈ మొదటి నెలల్లో వచ్చిందే ఎక్కువ అక్కా. తర్వాత రాదని కాదు, కష్టం" అంది ఆ అమ్మాయి వంటగదిలో గొంతు తగ్గించి. ఎంత తగ్గించినా అత్తగారికి వినపడింది.

హాల్లో కిటికీ కింద ఆవిడ సొంత మిషను ఉంది, కాలితో తొక్కేదే. మోటారు పెట్టిస్తానని కొడుకు ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. ఇప్పుడు మంచం మీద కూర్చుని పొద్దంతా దాన్నే చూసేవారు. ఈ కోడలు ఆవిడతో ఎన్నోసార్లు మాటకు మాట అన్నదే. కానీ ఆవిడ ఇక ఆ మిషను దగ్గరికి వెళ్లలేరేమోనన్న ఊహే నాకు భరించరానిదైంది. ఏం చేయాలో తోచక గిన్నెలు అడుగు అరిగేలా తోమేదాన్ని.

ఒకరోజు ఆ అమ్మాయి కొత్త ఉపాయం చెప్పింది. కొందరికి తాళం వినిపిస్తే కాలు దానంతటదే కదులుతుందట. ఒకటీ రెండూ అని లెక్కపెట్టాం. చప్పట్లు కొట్టాం. కాలు ఉలకలేదు, పలకలేదు.

"ఆంటీకి బాగా అలవాటైన పాట ఏదైనా ఉందా?"

నేను ఒక్క అంగలో వెళ్లి రికార్డు తెచ్చి పెట్టాను. మావాడు ఉరుకుతూ అందుకున్నాడు. అత్తగారి కుడిపాదం వణికింది, మడమ లేచింది. అంతలోనే మోకాలు మడతపడింది. ఇద్దరం పట్టుకోకపోతే పడిపోయేవారే. జబ్బు చేశాక ఆవిడ ఏడవడం అదే మొదటిసారి.

"అంత తొందర... నావల్ల కాదమ్మాయ్."

నాకు చటుక్కున మీట గుర్తొచ్చింది. నిదానం వైపు జరపబోతే అత్తగారు మంచి చేత్తో నా కొంగు పట్టుకున్నారు.

"పెట్టె వద్దు. నేనెప్పుడు... పెట్టెతో తొక్కాను?"

నిజమే. కార్ఖానాలో రికార్డు ప్లేయరు ఎక్కడిది? ఆవిడ పాదం ఎరిగిన పాట పక్క మిషను మీది నుంచి వచ్చింది. పెట్టె కట్టేశాను. ముగ్గురం గుమ్మం వైపు చూశాం. మామగారు అక్కడే నిలబడి ఉన్నారు, కాలరు మడుచుకుని, జుట్టు పక్కకు దువ్వుకుని.

"నాకొచ్చింది తప్పు పాట కదమ్మా" అన్నారు నాతో. "సరైందానికే కదలనిది..."

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. అయినా ఆయన మీద ఎన్నడూ గొంతు లేపలేదు. ఆరోజు లేపాను.

"తప్పో ఒప్పో తర్వాత తేల్చుకుందాం మామయ్యా! ఆవిడ నిలబడి ఉన్నారు, ఎంతసేపు నిలబెడతారు?"

ఆయన కదల్లేదు. నేల చూపులు చూస్తున్నారు. అత్తగారు ఊపిరి కూడగట్టుకున్నారు.

"మాస్టారూ, ఈసారి... నా దారం తెగింది. మీరు... అందుకోండి."

మామగారి మొహం నలిగిపోయింది. వచ్చి ఆవిడ కుడిపక్కన నిలబడ్డారు. మిషన్ల మీద పక్కపక్కన కూర్చున్నట్టే, ఆవిడ వైపు చూడకుండా, ఎదుటి గోడ వైపు చూస్తూ మొదలుపెట్టారు. మొదటి చరణం సగం గొంతులోనే ఉండిపోయింది. రెండోది బయటికొచ్చింది. బొంగురుగా, నిదానంగా, ఏ రైలూ తప్పిపోని మనిషిలా పాడారు.

అత్తగారి కుడి మడమ లేచింది. వేళ్లు ఆనాయి. మళ్లీ మడమ.

"అడుగు పడనివ్వండి ఆంటీ, పడనివ్వండి" అంటోంది ఆ అమ్మాయి. పడింది. పాదం ఎత్తి వేసిన అడుగు కాదు, నేలను రాసుకుంటూ జరిగిన అడుగు. అయినా అడుగే. దాని వెనక ఇంకొకటి. మంచం నుంచి కిటికీ దాకా వెళ్లేలోపు పాట ఎన్నిసార్లు తిరిగిందో ఎవరూ పట్టించుకోలేదు. నేను ఏడుస్తూ నడిచాను, దాచుకోలేదు. ఆవిడను మిషను ముందు కూర్చోబెట్టాం. సూదిలో దారం లేదు, గుడ్డ లేదు. ఆవిడ కుడిపాదాన్ని జరిపి జరిపి తొక్కుడు పలక మీద పెట్టుకున్నారు. చక్రం మొరాయించి, మూలిగి, తిరిగింది.

సాయంత్రం మా ఆయన వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, జరిగినదంతా మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. చివరికి నెమ్మదిగా, "అయితే అమ్మా, ఆ రికార్డులో పాట...?" అన్నాడు. ఇంకా తేల్చుకోవాలి ఆయనకు!

అత్తగారు మంచి చేత్తో కొడుకు తల నిమిరారు.

"ఆ అబ్బాయి... బాగానే పాడాడురా. తొందరపడ్డాడు, అంతే."

మర్నాడు పొద్దున స్నానాల గది తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. లోపల అద్దం ముందు దువ్వెన చప్పుడు, సన్నగా కూనిరాగం. బకెట్టు పట్టుకుని బయట నిలబడ్డాను. ఆ ఒక్కపూటకు పళ్లు నూరలేదు.